ఏకాగ్రత లోపం, చదవలేకపోవడం, మొండితనం ఒకే బిడ్డలో కనిపిస్తే ముందు దేన్ని పట్టించుకోవాలి?

మీరు అడిగినదాని సారాంశం ఇది. నాలుగో తరగతి చదువుతున్న మీ అబ్బాయికి తొమ్మిదేళ్లు. పిల్లల వైద్యుడు ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య, అన్నారు. తరువాత చూసిన సైకాలజిస్టు నిర్దిష్ట అభ్యసన వైకల్యం, అంటే అందరూ డిస్లెక్సియా అనేది, కూడా ఉందన్నారు. బడివాళ్లు ఆ రెండు రిపోర్టులనూ పక్కనపెట్టి ఎదురు తిరుగుతున్నాడనీ, పుస్తకాలు విసురుతున్నాడనీ డైరీలో రాసి పంపుతున్నారు. ముందు దేనికి చికిత్స చేయించాలి, మందు మొదలుపెడితే చదువు కూడా దానంతటదే బాగుపడుతుందా, బడి మార్చడం మంచిదా అన్నవి మీ మూడు ప్రశ్నలు. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా ఇలాంటి పిల్లలతోనే పనిచేస్తున్నాను కనుక కొంత వివరంగానే రాస్తున్నాను.

ఇద్దరు నిపుణులు రెండు పేర్లు చెప్పారు కాబట్టి ఎవరో ఒకరు పొరబడి ఉంటారని అనుకోకండి. నాడీవికాస సమస్య, అంటే మెదడు ఎదుగుదలకు సంబంధించినది, ఒకటి ఉన్న బిడ్డలో దానికి తోడుగా మరొకటి ఉండటం చాలా మామూలు విషయం. మన దేశంలో ఐదు ప్రాంతాల్లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలపై జరిపి 2018లో ప్రచురించిన ఇన్‌క్లెన్ అధ్యయనానికి హైదరాబాద్ కూడా ఒక కేంద్రమే. దాదాపు ప్రతి ఎనిమిది మంది పిల్లల్లో ఒకరికి ఏదో ఒక నాడీవికాస సమస్య ఉందనీ, అలాంటి వారిలో సుమారు ఐదో వంతు మందికి ఒకటికి మించి ఉన్నాయనీ అందులో తేలింది. చికిత్స కోసం వచ్చే పిల్లల్లో ఈ నిష్పత్తి ఇంకా పెరుగుతుంది. అమెరికాలో 579 మంది ఏడీహెచ్‌డీ పిల్లలపై జరిపి 1999లో ఫలితాలు వెల్లడించిన ఎంటీఏ అధ్యయనంలో ఏడీహెచ్‌డీ తప్ప మరేదీ లేని పిల్లలు మూడో వంతుకు లోపే. మిగిలిన వారిలో ఆందోళన, ఎదురుతిరిగే ప్రవర్తన వంటివి ఏదో ఒకటి కలిసే ఉన్నాయి. మరో సంగతి కూడా చెప్పాలి. ఒకే బిడ్డకు ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని రాయడానికి వైద్యులు వాడే అమెరికన్ వర్గీకరణ 2013లో దాని ఐదో కూర్పు డీఎస్ఎం-5 వచ్చేవరకు ఒప్పుకోలేదు. ఏదో ఒక పేరుకు కట్టుబడి ఆలోచించే అలవాటు మన బడుల్లో, కొన్ని క్లినిక్కుల్లో ఇప్పటికీ పోలేదు.

అసలు విషయానికి వస్తాను. రెండు సమస్యలు కలిసినప్పుడు చదువుకు జరిగే నష్టాన్ని ఒకటి, ఒకటి కలిపి రెండు అని లెక్కవేయలేము. డిస్లెక్సియా మాత్రమే ఉన్న పిల్లవాడు పట్టుదలతో మళ్లీ మళ్లీ చదివి, టీచరు చెప్పినది శ్రద్ధగా విని గుర్తుపెట్టుకుని ఎంతో కొంత నెట్టుకొస్తాడు. ఏడీహెచ్‌డీ మాత్రమే ఉన్న పిల్లవాడు పాఠం సగమే విన్నా, గడగడా చదవగలడు కాబట్టి పరీక్ష ముందురోజు పుస్తకం తిరగేసి గట్టెక్కుతాడు. రెండూ ఉన్న పిల్లవాడికి ఈ దారులు రెండూ మూసుకుపోతాయి. శ్రద్ధగా విని చదవలేని లోటు పూడ్చుకుందామంటే శ్రద్ధ నిలవదు, వినని పాఠాన్ని చదివి తెలుసుకుందామంటే చదవడం రాదు. ఒంటి కాలు నొప్పి ఉన్నవాడు రెండో కాలిమీద బరువు మోపి నడుస్తాడు, ఇతనికి ఆ రెండో కాలు కూడా నొప్పే.

ఇది తరగతిలో ఎలా కనిపిస్తుందో ఒక్క పని తీసుకుని చూద్దాం. బోర్డు మీద "శ్రీకృష్ణదేవరాయలు అష్టదిగ్గజాలను పోషించాడు" అని ఉంది. చదవడం బాగా వచ్చిన పిల్లవాడు ఒకసారి తల ఎత్తి ఒక మాట మొత్తాన్ని మనసులో పెట్టుకుని దించుకుంటాడు. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లవాడు "శ్రీ" కోసం ఒకసారి, "కృ" కోసం ఒకసారి, "ష్ణ"లో ఒత్తు ఎటు తిరిగిందో చూడటానికి మరోసారి తల ఎత్తవలసిందే. తల ఎత్తిన ప్రతిసారీ తాను ఎక్కడ ఆపాడో బోర్డు మీద మళ్లీ వెతుక్కోవాలి. శ్రద్ధ నిలవని పిల్లవాడు ఆ వెతుకులాటలో కిటికీ దగ్గరో, పక్కవాడి జామెట్రీ బాక్సు దగ్గరో ఆగిపోతాడు. రెండో వాక్యం మొదలుపెట్టేసరికి టీచరు బోర్డు తుడిచేస్తారు. నోట్సు అసంపూర్తి అని ఎర్ర సిరాతో రాసిన ఆ ఒక్క పేజీ వెనక ఇంత కథ ఉంటుంది. గణితంలోనూ ఇదే తంతు. 24ను 6తో భాగించమంటే చేసేసే పిల్లవాడే, 24 మామిడిపళ్లను ఆరుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని వస్తాయని నాలుగు వాక్యాల్లో అడిగితే ఆగిపోతాడు. చివరి మాట చదివేసరికి మొదటి అంకె మనసులోంచి జారిపోతుంది. టీచరుకు మాత్రం నిన్న చేసిన లెక్కనే ఈరోజు కావాలని చేయలేదన్నట్టు కనిపిస్తుంది.

ఇక ప్రవర్తన సంగతి. అందరిముందు నిలబడి పాఠం చదవమన్నారు, చదవలేక పెన్సిలు విసిరాడు, తరగతి బయట నిలబెట్టారు. బడి దృష్టిలో అది శిక్ష, పిల్లవాడికి మాత్రం చదవడం అనే గండం తప్పిపోయింది. ఇలా నాలుగైదుసార్లు జరిగితే పెన్సిలు విసిరితే చదవక్కర్లేదు అన్న పాఠం అతనికి బాగా వచ్చేస్తుంది, తెలుగు పీరియడు గంట మోగగానే గొడవ మొదలవుతుంది. బయట నిలబడిన ప్రతి పావుగంటకూ చదువు ఇంకొంచెం వెనకబడుతుంది, వెనకబడిన కొద్దీ చదవమన్నప్పుడు భయం పెరుగుతుంది, భయం పెరిగిన కొద్దీ గొడవ ముదురుతుంది. బయటికి గట్టిగా వినిపించేది గొడవే కాబట్టి బడి, ఇల్లు, ఒక్కోసారి వైద్యులు కూడా దాని చుట్టూనే తిరుగుతారు. చదవడం నేర్పడమన్నది ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. ఈ పిల్లల చదువులో నన్ను ఎక్కువగా బాధపెట్టే నష్టం ఇదే. అల్లరి తగ్గేదాకా ఆగి అప్పుడు చదువు నేర్పుదాం అని రెండు మూడేళ్లు గడిపేసిన తరువాత ఐదో తరగతిలో గుణింతాల దగ్గర నిలిచిపోయిన పిల్లవాణ్ణి తీసుకుని తల్లిదండ్రులు వస్తారు.

అందుకని మీరు ముందు చేయవలసినది ఒక చిన్న నోటుపుస్తకం పెట్టడం. గొడవ జరిగిన ప్రతిసారీ ఏ సమయం, ఏ పీరియడు, దానికి సరిగ్గా ముందు ఏ పని చేయమన్నారు, గొడవ తరువాత ఆ పని అతను చేశాడా, తప్పించుకున్నాడా అన్న నాలుగు విషయాలు మూడు వారాలపాటు రాయండి, క్లాస్ టీచరును కూడా రాయమని అడగండి. గొడవలన్నీ చదవడం, రాయడం చుట్టూనే పోగుపడితే అది చాలావరకు అభ్యసన వైకల్యం మాట్లాడుతున్న భాష. ఆటల పీరియడులోనూ, ఇంట్లోనూ, బంధువుల దగ్గరా, పని ఏదైనా సరే ఎదురుతిరగడం కనిపిస్తే, అది వారానికి ఒక్కసారైనా జరుగుతూ ఆరు నెలలకు పైగా సాగుతూ ఉంటే, అప్పుడు ఆపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్ (పెద్దలను అదేపనిగా ధిక్కరించే సమస్య) అనే దాని గురించి వైద్యులు విడిగా ఆలోచిస్తారు. అన్నదమ్ములతో మాత్రమే జరిగే పోట్లాటలను అందులో లెక్కించరు. తరగతి మారేటప్పుడు, టైమ్‌టేబుల్ హఠాత్తుగా మారినప్పుడు, పెద్ద శబ్దాల మధ్య, వార్షికోత్సవం రిహార్సల్స్ రోజుల్లో గొడవలు పెరిగితే ఆటిజం లక్షణాలు కూడా ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. సోమవారం ఉదయాన, స్లిప్ టెస్టు ఉన్న రోజున కడుపునొప్పి అంటూ మొదలైతే ఆందోళన గురించి ఆలోచించాలి. ఆ పుస్తకం చేతిలో ఉంటే వైద్యుడి దగ్గర గడిపే పదిహేను నిమిషాలు రెండింతలు ఉపయోగపడతాయి.

ఇదే సందర్భంలో ఆడపిల్లల గురించి కూడా చెప్పాలి, మీ ప్రశ్నలో లేకపోయినా చదివే ఇతర తల్లిదండ్రులకు అవసరం. ఆరో తరగతి అమ్మాయి ఒకరు నా దగ్గరకు వచ్చేది. బడిలో ఆమె మీద ఒక్క ఫిర్యాదు లేదు, టీచర్లు బుద్ధిమంతురాలు అనేవారు. నాలుగున్నరకు ఇంటికి రాగానే బ్యాగు గుమ్మంలో పడేసి, బూట్లు కూడా విప్పకుండా గంటసేపు ఏడ్చేది. పరీక్షలు చేయిస్తే శ్రద్ధ లోపం ప్రధానంగా ఉండే ఏడీహెచ్‌డీ, దానితోపాటు ఆటిజం ఉన్నాయని తేలింది. తోటి పిల్లలను చూసి ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు పుస్తకం తెరవాలో అనుకరిస్తూ రోజంతా నెట్టుకొచ్చేది. ఆ ప్రయత్నానికే శక్తి అంతా ఖర్చైపోయి పాఠం తలకెక్కేది కాదు. ఎవరినీ ఇబ్బంది పెట్టని పిల్లల చదువు ఇలా చడీచప్పుడు లేకుండా దెబ్బతింటుంది, వారిని బడి ఎన్నడూ నిపుణుల దగ్గరకు పంపదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం. ఏ చికిత్సకైనా ముందు శరీరానికి సంబంధించినవి తేల్చుకోండి. వినికిడి పరీక్ష, కంటి పరీక్ష, రక్తహీనత ఉందేమో చూసే రక్త పరీక్ష, నిద్ర ఎలా ఉందన్న విచారణ ఏ వర్గీకరణకైనా ముందు జరగాలి. రాత్రంతా గురకపెట్టి నోటితో గాలి పీల్చే పిల్లవాడు పగలు ఏడీహెచ్‌డీ పిల్లవాడిలాగే ఉంటాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూసి, ఏమీ జరగనట్టు మళ్లీ కొనసాగించే అలవాటు ఉంటే అది పరధ్యానం కాక ఒక రకం మూర్ఛ కావచ్చు, మెదడు విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ పరీక్ష గురించి వైద్యుణ్ణి అడగండి. అవి తేలాక శ్రద్ధకు చికిత్స, చదవడానికి ప్రత్యేక బోధన ఈ రెండూ ఒకేసారి మొదలవ్వాలి. ఒకటి అయ్యాక ఇంకొకటి అన్న వరుస వద్దు.

దీనికి మీ రెండో ప్రశ్నతో సంబంధం ఉంది. మిథైల్‌ఫెనిడేట్ వంటి మందు శ్రద్ధను నిలుపుతుంది, చదవడం నేర్పదు. ఏడీహెచ్‌డీ, చదవడంలో వైకల్యం రెండూ ఉన్న రెండు నుంచి ఐదో తరగతి పిల్లలపై జరిపి 2017లో ప్రచురించిన ఒక అమెరికన్ పరిశోధన ఈ విషయాన్ని సూటిగా చూపింది. ఏడీహెచ్‌డీ చికిత్స ఏడీహెచ్‌డీ లక్షణాలను తగ్గించింది, పఠన బోధన పఠనాన్ని మెరుగుపరిచింది, ఒకదాని ఫలితం రెండోదానికి అందలేదు. మందు వాడాలా వద్దా అన్నది మీరూ మీ వైద్యుడూ తేల్చుకోవలసిన విషయం. వాడితే మాత్రం ఆకలి, నిద్ర, బరువు, ఎత్తు, రక్తపోటు క్రమంగా చూపించుకుంటూ ఉండాలి. తక్కువసేపు పనిచేసే రకం ప్రభావం సుమారు నాలుగు గంటలే ఉంటుంది. ఉదయం ఏడున్నరకు వేసిన మాత్ర చదవడం నేర్పే సాయంత్రం ఆరు గంటల రెమెడియల్ క్లాసుకు అక్కరకు రాదు. ఈ చిన్న లెక్క ఎవరూ చెప్పకపోవడంతో బిడ్డ బాగా అలసిపోయి, మందు ప్రభావం కూడా పోయిన సమయంలో అతనికి అత్యంత కష్టమైన పని చేయిస్తున్న ఇళ్లు ఎన్నో చూస్తున్నాను. ఆటిజం కూడా ఉన్న పిల్లల్లో ఈ మందు కొంత తక్కువగా పనిచేయడం, దుష్ప్రభావాలు కొంత ఎక్కువగా ఉండటం తెలిసిన విషయమే కాబట్టి, ఆ అనుమానం ఉంటే ముందే వైద్యుడికి చెప్పండి.

చదవడం నేర్పే బోధన అంటే ట్యూషన్ కాదు. ట్యూషన్‌లో నాలుగో తరగతి పాఠాన్నే మరోసారి చెబుతారు, మీ అబ్బాయికి కావలసింది మొదటి, రెండో తరగతుల్లో జారిపోయిన మెట్లు. ఇంగ్లీషులో అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని ఒక క్రమంలో, తెలుగులో గుణింతాలను, ఆ తరువాత ఒత్తులను, తరువాత సంయుక్తాక్షరాలను అంచెలంచెలుగా, రోజూ ముప్పై నలభై నిమిషాలు, విడిగానో ఇద్దరు ముగ్గురు పిల్లలతో కలిపో నేర్పాలి. శ్రద్ధ లోపం ఉన్న బిడ్డకు ఆ ముప్పై నిమిషాలను పది నిమిషాల చొప్పున మూడు ముక్కలు చేసి, మధ్యలో లేచి తిరగనివ్వాలి. తెలుగు చదివే పిల్లల్లో డిస్లెక్సియా తరచూ తప్పుల కంటే నెమ్మదితనంగా కనిపిస్తుంది, మాటను సరిగానే పలుకుతారు కానీ ఎంతోసేపు పడుతుంది. "చదువుతున్నాడు కదా" అని అక్కడ ఆపేయకుండా నిమిషానికి ఎన్ని మాటలు చదువుతున్నాడో చూడండి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి, హిందీతో కలిపి మూడు లిపులు ఈ పిల్లల మీద పడతాయి. ఇంట్లో మాట్లాడే భాష బలంగా ఉంటుంది కాబట్టి దానిలో చదవడం ముందు గట్టిపరిచి, మూడో భాషలో రాతపనిని తగ్గించమని బడిని కోరడం మంచిదని నా అభిప్రాయం.

మన నగరంలో ఇంకో చిక్కు ఉంది. సోమ, బుధవారాల్లో ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనుల్లో శిక్షణ), మంగళవారం స్పీచ్, గురు, శుక్రవారాల్లో రెమెడియల్, శనివారం బిహేవియర్ అని నలుగురి దగ్గరకు తిప్పుతారు. ఒక్కొక్కదానికీ ట్రాఫిక్‌లో గంట పడుతుంది, ఆ నలుగురూ ఒకరితో ఒకరు ఒక్కసారి కూడా మాట్లాడుకోరు. ఒకరు "కూర్చోబెట్టి రాయించండి" అంటారు, మరొకరు "అసలు బలవంతపెట్టవద్దు" అంటారు, బిడ్డకు ఆడుకునే సాయంత్రం ఒక్కటీ మిగలదు. నలుగురిలో ఒకరిని, డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే వైద్యుడు) అయినా, సైకాలజిస్టు అయినా, స్పెషల్ ఎడ్యుకేటర్ అయినా, మొత్తం ప్రణాళికకు బాధ్యత తీసుకొమ్మని అడగండి. ఈ మూడు నెలల్లో ఏ రెండు లక్ష్యాలు అన్నది ఒకే కాగితం మీద రాయించుకుని మిగిలిన వారికీ, బడికీ అదే కాగితం ఇవ్వండి. మొత్తం చికిత్సల్లో ఏదైనా తగ్గించాల్సి వస్తే చదవడం నేర్పేదాన్ని మాత్రం తగ్గించకండి.

బడిలో అడగవలసినవి ఖర్చు లేనివే. బోర్డు మీది నోట్సుకు ఫొటోకాపీ ఇవ్వడం, ముందురోజు చెప్పి సాధన చేయించకుండా అందరిముందు పైకి చదివించకపోవడం, తెలిసిన జవాబును నోటితో చెప్పనివ్వడం, ఒకేసారి నాలుగు సూచనలు కాకుండా ఒక్కొక్కటిగా ఇవ్వడం, పది లెక్కలకు బదులు ఐదే చేయించడం, గొడవ తరువాత వదిలేసిన పనిని చిన్నదిగా చేసైనా పూర్తి చేయించడం. చివరిదాన్ని నేను మరీ మరీ చెబుతాను, గొడవ చేస్తే చదువు తప్పుతుందన్న లంకెను తెంచేది అదే. పిల్లవాణ్ణి కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు బడి నుంచి తొలగించరాదని కూడా అదే చట్టం చెబుతోంది. వీటితో మాట మొదలుపెట్టకండి, కానీ టీసీ తీసుకెళ్లమని ఒత్తిడి వస్తే తెలిసి ఉండాలి.

కాగితాల విషయంలో ఒక జాగ్రత్త. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్నాయి, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. రిపోర్టులో ఏడీహెచ్‌డీ ఒక్కటే రాసి, అభ్యసన వైకల్యాన్ని "చదువులో వెనకబాటు" అని పైపైన వదిలేస్తే మీ అబ్బాయికి దక్కవలసిన వైకల్య సర్టిఫికెట్ దారి మూసుకుపోతుంది. కాబట్టి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు ఉన్న సైకాలజిస్టుతో, బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ రూపొందించిన అభ్యసన వైకల్య పరీక్షావళి ద్వారా పూర్తి అసెస్‌మెంట్ చేయించుకుని, కలిసి ఉన్న ప్రతి సమస్యనూ దాని పేరుతో రాయించుకోండి. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈ పది, పన్నెండు తరగతుల పరీక్షల్లో మూడు గంటల పేపరుకు గంట అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు లభిస్తాయి. ప్రైవేటు ఖర్చు భారమైతే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యాలకు సంబంధించిన జాతీయ సంస్థ), నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నాయి. ప్రభుత్వ బడి పిల్లలకు మండల స్థాయిలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ఆటిజం కూడా తేలితే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు నడిపే నిరామయ ఆరోగ్య బీమా కింద లక్ష రూపాయల వరకు, థెరపీలతో సహా, వర్తిస్తుంది.

బడి మార్పు సంగతి చివరికి ఉంచాను. విద్యాసంవత్సరం మధ్యలో మార్చవద్దు, బిడ్డను కొట్టడమో అవమానించడమో జరుగుతుంటే తప్ప. ఇప్పుడున్న బడికి ఆ ఒక్క కాగితం ఇచ్చి, ఒక టర్మ్ సమయం ఇచ్చి చూడండి. అయినా ఏ మార్పూ లేక వచ్చే జూన్‌కు వేరే బడి చూసేటప్పుడు, సమ్మిళిత విద్య (ప్రత్యేక అవసరాల పిల్లలను అందరితో కలిపి చదివించడం) అని బోర్డు పెట్టారా అని చూడటం కంటే, స్పెషల్ ఎడ్యుకేటర్ జీతం మీద రోజూ ఉంటారా, వారానికొకసారి వచ్చి వెళతారా అడగండి. ఇలాంటి పిల్లవాడి పోయిన ఏడాది ప్రశ్నపత్రాన్ని ఎలా మార్చి ఇచ్చారో పేరు కనిపించకుండా ఒకటి చూపించమనండి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో సాయంత్రం దాకా కూర్చోబెట్టే బడులను ఎంత పేరున్నవైనా పక్కన పెట్టండి. మీ నోటుపుస్తకం మూడు వారాలు పూర్తయ్యాక, అందులో ఏ పీరియడులో గొడవలు ఎక్కువగా కనిపించాయో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి చదవడంలో ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.